ఎక్కేటప్పుడు ఎడమ

గ్లాస్గోలో కొత్తవాణ్ణి పేరు అడిగి, కాస్త ఆగి,
ఏ బడిలో చదివావని అడుగుతారు.
చదువు సంగతి ఎవడికీ అక్కర్లేదు.
బడి పేరుకు ముందు సెయింట్ ఉందా లేదా,
ఆ ఒక్క మాటతో
నీ చొక్కా రంగు, మీ ముత్తాత ఎక్కిన పడవ,
శనివారం నువ్వు ఎక్కకూడని బస్సు
అన్నీ తేలిపోతాయి.

మా తాత ఆర్చీ టోరెన్స్ ఇంకా పాతకాలం మనిషి.
"ఏ కాలితో తవ్వుతాడు వాడు?" అనేవాడు.
పార మీద ఎడమకాలు వేసేవాళ్లు అవతలివాళ్లు,
బంగాళాదుంపలు మట్టిలోనే కుళ్లిన ఏడు
సముద్రం దాటి వచ్చిన ఆకుపచ్చవాళ్లు.
మనది కుడికాలు. మనది నీలం.
గోవన్ ఓడల యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు రివెట్లు కొట్టాడు.
పొద్దున్నే పనికోసం నిలబడ్డ వరసలో
మేస్త్రీ చూపు ముఖాల మీద కాదు,
కాళ్ల మీదే ఉండేదట.

చర్చి గడప తొక్కింది మూడే మూడుసార్లు:
పెళ్లికి, మా నాన్న బాప్తిస్మానికి, నానమ్మ పెట్టె వెనక.
తన దేవుణ్ణి ఎప్పుడో మర్చిపోయాడు.
పక్కవాడి దేవుణ్ణి మాత్రం
ఒక్క శనివారం కూడా మర్చిపోలేదు.

అలాంటి ఇంట్లో
నేను ఎడమకాలితో పుట్టాను.
ఆరేళ్లప్పుడు, బట్టలారేసే పెరట్లో
గోడకేసి బంతి కొడుతుంటే
పైన కిటికీ తెరుచుకుంది, మూసుకుంది.
మర్నాడు నా ఎడమ బూటు కనిపించలేదు.
పుట్టుకతో వచ్చింది బూటుతో పోతుందా?
కుడికాలికి బూటు, ఎడమకాలికి నానమ్మ ఉన్ని చెప్పు,
ఆ వేసవంతా కుంటుతూ
మతం నేర్చుకున్నాను.

పాటలూ నేర్చుకున్నాను.
మూడు వందల ఏళ్ల కిందటి ఏరు, దాటిన రాజు, తెల్లగుర్రం.
ఆ ఏరు ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే
మా స్టాండులో సగం మంది తడుముకుంటారు.
కానీ గోల్ పడ్డ క్షణాన
ముక్కూ మొహం తెలియని మనిషి, బీరు వాసనతో,
నన్ను ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు.
అబద్ధమెందుకు, అంత సుఖం
ఆ తర్వాత నాకు ఎక్కడా దొరకలేదు.

మొన్న ఫిబ్రవరిలో తాతకి పక్షవాతం.
కుడివైపంతా పోయింది,
చెయ్యి, మూతి, ఆ కాలు.
ఫిజియో అమ్మాయి పేరు బెర్నడెట్ మెకెల్హినీ.
పేరు విన్నాక బడి అడగనక్కర్లేదు.
అయినా అడిగాడు, వంకరపోయిన మూతితో, చొంగ కారుస్తూ.
చెప్పింది. సెయింట్ ఉంది.
చెబుతూనే ఆయన నడుముకి బెల్టు బిగించింది.

జిమ్ములో నాలుగు చెక్కమెట్లు,
ఎక్కడికీ పోనివి.
"గుర్తుపెట్టుకోండి మిస్టర్ టోరెన్స్,
ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు.
మంచివాళ్లు పైకి, స్వర్గానికి. చెడ్డవాళ్లు కిందికి.
ఇక్కడ అందరికీ ఇలాగే నేర్పుతాం."
"ఏది మంచిది?" అన్నాడు తాత.
తెలియక కాదు.
ఆమె వంగి, ఎడమ మోకాలి మీద
రెండుసార్లు తట్టింది.

కమ్మీకి అవతల నేనున్నాను.
తాత నావైపు చూశాడు,
ముఖంలోకి కాదు, కాళ్ల వైపు.
ఆ బూటు ఏమైందో నేనెన్నడూ అడగలేదు.
అప్పుడూ అడగలేదు.
మూడు మెట్లు ఎక్కాడు. నాలుగోది రేపన్నాడు.
దిగేటప్పుడు కుడికాలు
తడిసిన గోనెసంచిలా ముందుకు జారింది.

వార్డుకి తిరిగి వెళ్తుంటే "స్కోరెంత?" అన్నాడు.
ఫోను చూశాను. మ్యాచ్ అయిపోయింది.
"ఒకటి, ఒకటి."
చక్రాల కుర్చీలో ఆయనా,
వెనక నుంచి తోస్తున్న ఆమే
ఒకేసారి తిట్టారు.
ఒకే బూతు.